అడగకుండా అంటగట్టిన సన్‌రూఫ్‌పై ఫిర్యాదు

శ్రీకాకుళం,
14 జూన్ 2025.

వినియోగదారుల సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: సన్‌రూఫ్ వల్ల కారు లోపల భరించలేని వేడి, వాన నీరు కారడం, సర్వీస్ సెంటర్ వసూలు చేసిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఈ ఏడాది ఫిబ్రవరిలో, రథసప్తమి వెళ్లిన వారానికి, మీ కంపెనీ కారు మా ఊరి షోరూములో కొన్నాను. తాళాలు చేతికి వచ్చిన రోజే అరసవల్లి తీసుకువెళ్లి సూర్యనారాయణ స్వామి గుడి దగ్గర పూజ చేయించాం. ఇంజను మీద, బ్రేకుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా కారు నెత్తిన మీరు బిగించిన అద్దంతోనే.

ఆ అద్దం నేను అడగలేదు. నాకు కావలసినవి రెండే: ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనుక సీటుకు విడిగా ఏసీ గాలి. మా అమ్మకు డెబ్భై ఆరేళ్లు. ఎప్పుడూ వెనుకే కూర్చుంటుంది. ఆ రెండూ ఉన్నది పై రకం కారులోనేనని, ఆ రకం సన్‌రూఫ్ లేకుండా రాదని షోరూములో చెప్పారు. ధర తగ్గించకపోయినా ఫరవాలేదు, మామూలు రేకు కప్పుతో అదే కారు ఇప్పించమని అడిగాను. కంపెనీ అలాంటిది తయారు చేయడం లేదన్నారు. ముసలి తల్లికి చల్లగాలి కావాలన్నవాడు నెత్తిన ఎండను కూడా కొనుక్కోవలసిందేనా? ఈ షరతు ఎందుకు పెట్టారో నాకు జవాబు కావాలి.

నేను ఇరవై రెండేళ్లుగా ఇళ్లు కట్టే కాంట్రాక్టరును. కప్పు సంగతి నాకు కొంత తెలుసు. మా జిల్లాలో కప్పు చేయవలసిన పనులు రెండు. ఎండను ఆపాలి, వానను బయటికి పంపాలి. స్లాబు వేశాక కూడా వేసవి రాకముందే దానిమీద తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల రంగో వేయించుకుంటారు. ఆ ఆలోచనతోనే నేను తెల్ల కారు ఎంచుకున్నాను. ఆ తెల్ల కప్పు నడిమధ్య మీరు నల్లని అద్దం పెట్టారు. టేపుతో కొలిచి చూశాను. మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల పొడవు. ఇంచుమించు ఒక చదరపు మీటరు.

మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. బకెట్టులో నీళ్లు కాచుకునే హీటరు కడ్డీ ఒకటి మా నెత్తిన వెలుగుతున్నట్టే లెక్క. నల్లని అద్దం ఆ ఎండనంతా లోపలికి రానివ్వదని మీ ఇంజినీర్లు అనవచ్చు. నిజమే, కాని ఆపిన దానిలో చాలా భాగం ఆ అద్దమే తాగుతుంది, తాగినది వేడెక్కి కింద ఉన్న తలల మీదికే వదులుతుంది. లోపలికి వచ్చిన వెలుతురు సీట్లను వేడెక్కిస్తుంది. ఆ సీట్ల నుంచి లేచే వేడి, వెలుతురులా అద్దం గుండా నేరుగా బయటికి పోలేదు. రేకు కప్పు కూడా కాలుతుంది, కాని దాని కింద వేడిని అడ్డుకునే పొర, గుడ్డ ఉంటాయి. అద్దం కింద మీరు ఇచ్చింది ఒక్క పలుచని తెర. దాన్ని ఎండకు ఎదురుగా పట్టి చూస్తే నా చేతి వేళ్లు లెక్కపెట్టగలిగాను.

సన్‌రూఫు మీద మోజు చల్లని దేశాలలో సహజం. అక్కడి వాళ్లు ఎండ కోసం మొహం వాచి ఉంటారు. జర్మనీ వంటి చోట నడివేసవిలో కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. మా ఊరు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏటా మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మా నెత్తిన నిలుస్తాడు. అప్పుడు నిలువుగా పాతిన గుంజకు నీడ కనపడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా పెద్దలు ఊరికే అనలేదు. దానికి తోడు సముద్రపు ఉక్క. పక్క అద్దాల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, పై అద్దం మీద నిటారుగా పడుతుంది. ఈ దేశంలో కారు అమ్మేవాళ్లు ఇది చూసుకోవద్దా?

మే నెలలో అమ్మను కంటి ఆసుపత్రికి విశాఖపట్నం తీసుకువెళ్లాను. తిరుగు ప్రయాణంలో రణస్థలం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. పైతెర పూర్తిగా మూసి ఉంది, ఏసీ ఆఖరి అంకెలో తిరుగుతోంది. వెనుక నుంచి మాట వినిపించక తిరిగి చూశాను. అమ్మ నీళ్ల సీసాతో తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని కూర్చుంది. “కాళ్లకు చల్లగానే ఉంది బాబూ, మాడు మాత్రం కాలిపోతోంది” అంది. బండి పక్కకు ఆపి తెర మీద అరచెయ్యి పెట్టాను. అప్పుడే ఇస్త్రీ పెట్టె దాటిన బట్టలా ఉంది. లక్షలు పోసి కొన్న ఏసీ కారులో కన్నతల్లి తడిగుడ్డ కప్పుకుని కూర్చుంటే కొడుకుకు ఎలా ఉంటుందో మీరే ఊహించండి. ఆ రోజు నుంచి ఆవిడ మధ్యాహ్నం పూట ఈ కారు ఎక్కలేదు.

ఇక వాన సంగతి. ఎండకు బండి కాలకుండా నీడలో నిలపమని అమ్మేటప్పుడు మీ షోరూము వాళ్లే చెప్పారు. మా వీధిలో నీడ అంటే ఒక్క వేపచెట్టు. ఉగాది నుంచి ఆ చెట్టు కిందే నిలుపుతున్నాను. రోహిణి ఎండల తరువాత తొలి పెద్ద వాన కురిసిన రాత్రి, ఊరి బయట పని చూసుకుని వస్తుండగా, ముందు అద్దం పక్కనున్న స్తంభం వెంట నీటి చారిక దిగింది. తరువాత లోపలి దీపం నుంచి బొట్లు బొట్లుగా నా తొడ మీద పడసాగాయి. ఇంటికి చేరేసరికి కాళ్ల కింది పట్టా నానిపోయింది. వారం పాటు ముక్కిన వాసన వదలలేదు.

సర్వీస్ సెంటరులో మెకానిక్ కుర్రవాడు ఓపికగా అంతా విప్పి చూపించాడు. అతని మీద నాకు కోపం లేదు. అద్దం చుట్టూ ఒక కాలువ, నాలుగు మూలలా నాలుగు సన్నని గొట్టాలు ఉన్నాయి. అవి స్తంభాల లోపల నుంచి దిగి నీటిని కిందికి వదులుతాయి. ఒక గొట్టం నోట్లో నుంచి అతను తీగతో లాగిన ముద్దను నా అరచేతిలో పెట్టాడు. వేపపూత, రోడ్డు ధూళి కలిసి నల్లగా గట్టిపడిన ముద్ద. ఆ గొట్టంలో నా చిటికెన వేలు పట్టదు. మేము డాబా మీద వాన నీటికి నాలుగంగుళాల గొట్టం పెట్టి, నోటికి జాలి బిగించి, శుభ్రం చేయడానికి చేయి పట్టేంత సందు వదులుతాం. మీ గొట్టాలకు జాలీ లేదు, శుభ్రం చేసుకోవాలని అమ్మేటప్పుడు ఒక్క మాటా చెప్పలేదు.

పైగా ఇది వారంటీలోకి రాదంటూ 2,360 రూపాయలు వసూలు చేశారు. చెట్ల కింద నిలపడం వల్ల వచ్చిన లోపమని బిల్లు మీద రాశారు. నీడలో నిలపమన్నదీ మీరే, చెట్టు కింద నిలపడం నా తప్పన్నదీ మీరే. మా ఊళ్లలో నీడకు, చెట్టుకు మధ్య తేడా ఏమిటో దయచేసి చెప్పండి.

వేడి గురించి అడిగితే పై అద్దానికి ఫిల్ము అంటించుకోమని, 7,000 రూపాయలవుతుందని చెప్పారు. కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించరాదని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. పై అద్దానికి అంటించడం చట్టానికి లోబడినదేనని కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. ఎవరూ రాయలేదు. రేపు పోలీసులు ఆపితే జరిమానా కట్టవలసినవాడిని నేనే కదా?

న్యాయంగా ఒక మాట. ఫిబ్రవరిలో తెల్లవారుజామున కళింగపట్నం వెళ్లినప్పుడు పైతెర తీస్తే పిల్లలు ఆకాశం చూసి కేరింతలు కొట్టారు. ఆ ఆనందం నేను కాదనను. కాని ఆ రెండు మూడు ఉదయాల కోసం నాలుగు నెలల వేసవిని ఎవరు భరిస్తారు? కావాలనుకున్న వాళ్లకు అమ్మండి. వద్దన్న వాడికి ఎయిర్‌బ్యాగులను, వెనుక ఏసీని ఎరగా పెట్టి అంటగట్టకండి. ఎయిర్‌బ్యాగు ప్రాణాలు కాపాడేది. దాన్ని ఒక సోకు వస్తువుతో ముడిపెట్టడం తప్పు.

నా 2,360 రూపాయలు వాపసు చేయాలి. నాలుగు గొట్టాలను మీ ఖర్చుతో పరీక్షించి, వాటి నోళ్లకు జాలి అమర్చాలి. పలుచని తెర స్థానంలో వేడిని ఆపే మందపాటి తెర ఉచితంగా వేయాలి. ఫిల్ము విషయంలో మీ మాట రాతపూర్వకంగా కావాలి. ఎండ వేడిలో ఎంత భాగం ఆ అద్దం దాటి లోపలికి వస్తుందో మీ ప్రచార పుస్తకంలో అంకెలతో అచ్చు వేయాలి. సన్‌రూఫ్ లేకుండా అవే భద్రతా సౌకర్యాలతో కారు ఎప్పుడు తెస్తారో కూడా చెప్పాలి.

ఈ ఉత్తరం అందిన ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆపైన ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి రానక్కరలేదు, నేను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. బిల్లు నకలు, తడిసిన పట్టా ఫొటోలు జతచేశాను. గొట్టంలో నుంచి తీసిన ముద్ద డబ్బాలో భద్రంగా ఉంది.

మీ ఇంజినీరును పంపదలచుకుంటే ఉదయమో సాయంత్రమో పంపకండి. జూలై చివరి వారంలో, మధ్యాహ్నం పన్నెండు గంటలకు పంపండి. ఆయన మా అమ్మ కూర్చునే వెనుక సీటులో కూర్చోవాలి. నేను రణస్థలం దాకా నడిపి వెనక్కి తీసుకువస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
శ్రీకాకుళం.