తుపాను వార్తలో వేళ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మొదటి పేజీలో ‘విశాఖకు ఆగ్నేయంగా 480 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతం’ అన్న మాట తప్పనిసరి. అది ఏ వేళకు ఉన్న దూరమో మాత్రం వార్త అంతా వెతికినా దొరకదు. వాతావరణ శాఖ బులెటిన్‌లో ఆ వేళ మొదటి పేరాలోనే ఉంటుంది. కుదించి రాసేటప్పుడు రాలిపోతున్నది అదే. రాత్రి 8.30 పరిశీలన మీద ఇచ్చిన బులెటిన్ పట్టుకుని మీరు వార్త రాస్తే, పేపరు ఉదయం ఆరింటికి గుమ్మంలో పడేసరికి తొమ్మిదిన్నర గంటలు గడిచిపోతాయి. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున నేరుగా తీరం వైపు కదిలే తుపాను ఈలోగా 140 కిలోమీటర్లు నడిచేస్తుంది. చదివేవాడు ఇంకా 480 ఉందనుకుంటాడు. అప్పటికి అది 340లో ఉంటుంది. బులెటిన్‌లో వేళ యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. ‘0300 యూటీసీ’ అంటే మన ఉదయం 8.30, తెల్లవారుజాము మూడు కాదు.

దూరంతో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా వేయండి. ఒక్క లైను చాలు: ‘15.2 ఉత్తరం, 84.6 తూర్పు, రాత్రి 8.30’. ఒక జిల్లా ఎడిషన్‌లో కాకినాడ నుంచి, మరో ఎడిషన్‌లో మచిలీపట్నం నుంచి దూరాలు ఇస్తుంటే, జీపీఎస్ చేతిలో ఉన్న బోటు సరంగు వాటితో ఏం చేసుకుంటాడు? అక్షాంశం ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్లు, అంటే 111 కిలోమీటర్లు. ఆ రెండు అంకెలు ఇస్తే తనకూ తుపానుకూ మధ్య ఎంత దూరమో అతనే లెక్క కట్టుకుంటాడు.

ఇక రేవుల్లో ఎగరేసే సిగ్నళ్ల సంగతి. ఒకటి నుంచి పదకొండు దాకా ప్రతి నంబరునూ ‘ప్రమాద హెచ్చరిక’ అనే రాస్తున్నారు. నంబరు పెరిగితే ప్రమాదం ఒక మెట్టు పెరిగినట్టని జనం కూడా అలాగే అనుకుంటున్నారు. లెక్క అది కాదు. 1, 2 దూరపు సిగ్నళ్లు. సముద్రంలో ఎక్కడో వాయుగుండమో తుపానో ఉంది, రేవుకు ఇప్పటికిప్పుడు ముప్పు లేదు, బయల్దేరే ఓడలు దాని దారిలో పడొచ్చు అని చెప్పడానికి. 3 అంటే రేవులోనే ఈదురుగాలులు వీస్తాయని. 4 అంటే తుపాను రేవు మీదికి రావచ్చు, కానీ పూర్తి స్థాయి జాగ్రత్తలు మొదలుపెట్టాల్సినంత ఖాయం కాలేదని. అసలు ‘ప్రమాదం’ అన్న మాట 5తో మొదలవుతుంది. 5, 6, 7 మూడింటిలోనూ తుపాను తీవ్రత ఒక్కటే, తేడా అంతా దారిలోనే. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే అవి తీవ్ర తుపానువి. ఇక 11 అంటే ప్రళయం అనుకునేవాళ్లు చాలామంది. అది తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పే సిగ్నల్. గాలి వేగానికీ దానికీ లంకె లేదు.

దారిలో తేడా అన్నానే, అసలు కీలకం అక్కడుంది. తుపాను వెనక నిలబడి అది వెళ్లే దిక్కుకు చూస్తున్నట్టు ఊహించుకోండి. రేవు ఎడమ చేతి వైపు పడితే 5 లేదా 8, కుడి చేతి వైపు పడితే 6 లేదా 9, తుపాను రేవు మీదుగానో మరీ పక్కగానో వెళ్తే 7 లేదా 10. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అది పడమరకో వాయవ్యానికో వచ్చి మన తీరాన్ని తాకినప్పుడు కుడి వైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రం నుంచి వీస్తుంది, నీళ్లను ఒడ్డు మీదికి నెడుతుంది. ఎడమ వైపు ఊళ్లలో గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. అందువల్ల ఉప్పెన భయం 5 ఎగరేసిన రేవు కన్నా 6 ఎగరేసిన రేవుకే ఎక్కువ. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. మునిగింది అక్కడికి అరవై కిలోమీటర్ల పైన, కుడి వైపున ఉన్న దివిసీమ. దాదాపు 5 మీటర్ల ఉప్పెన. ‘ఫలానా చోట తీరం దాటుతుంది’ అని ఒక ఊరి పేరు పెద్దక్షరాల్లో వేసినప్పుడు దాని కుడి పక్క మండలాల పేర్లు కూడా వేయాల్సింది ఇందుకే.

7, 10 నంబర్లలో ఇంకో ముప్పుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా వెళ్లినప్పుడు మధ్యలో గాలి కాసేపు పడిపోయి, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. హార్బర్‌లో మొదటి గాలి దిక్కునే చూసుకుని మోకులు కట్టిన బోట్లు రెండో గాలికి తెంచుకుంటాయి. రెండు వైపులా కట్టాలి, పక్క బోటుకు రాసుకోకుండా టైర్లు వేలాడదీయాలి. గాలి పడిపోయిందని ఆ మధ్యలో బోటు చూసుకోవడానికి ఎవరూ వెళ్లకూడదు. ఈ మాట వార్తలో ఒక్క వాక్యంగా వచ్చినా మేలే.

గాలి వేగాల దగ్గర మరో గందరగోళం. మన వాతావరణ శాఖ చెప్పేది మూడు నిమిషాల సగటు. అమెరికా సంస్థలది ఒక నిమిషం సగటు. కాబట్టి ఒకే తుపానుకు వాళ్ల అంకె పెద్దగా ఉంటుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు ఈ తేడా చూసే మనవాళ్లు తగ్గించి చెబుతున్నారని విమర్శలు వచ్చాయి. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మన శాఖ అంచనానే నిలబడింది. సోషల్ మీడియాలో దొరికిన విదేశీ మ్యాపు మీద అంకెను, మన బులెటిన్ అంకెను ఒకే బాక్సులో పక్కపక్కన వేయకండి. ‘90 నుంచి 100, అప్పుడప్పుడు 110’ అన్నప్పుడు ఆ 110 ఒక్కసారిగా కొట్టే విసురు, నిలకడ గాలి కాదు. హెడ్డింగుకు ఎప్పుడూ ఆ 110నే ఎత్తుకుంటారు, అది వేరే సంగతి.

మ్యాపు గీసేటప్పుడు ఒకే గీత గీస్తున్నారు. వాతావరణ శాఖ ఇచ్చేది ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు. 24 గంటల ముందు చెప్పిన చోటుకూ తుపాను కేంద్రం నిజంగా వెళ్లిన చోటుకూ సగటున 70 నుంచి 80 కిలోమీటర్ల తేడా ఉంటుంది. రెండు రోజుల ముందైతే అది నూరు దాటుతుంది. పైగా ఆ గరాటు చెప్పేది తుపాను కేంద్రం ఎక్కడ ఉండొచ్చన్న సంగతే. గాలివాన దాని హద్దులో ఆగదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. అంతకు ముందే, ఇంకా సముద్రంలో ఉండగానే, చెన్నైని ముంచేసింది.

అలల ఎత్తు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ‘అలలు 3 మీటర్లు’ అని చెప్పిందంటే, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు 3 మీటర్లని అర్థం. నడుమ నడుమ దాదాపు రెట్టింపు ఎత్తు అల ఒక్కటి వస్తుంది. 3 మీటర్లకు తట్టుకుంటుందని ఫైబర్ బోటు దింపితే తిరగేసేది ఆ ఒక్కటే. ఇన్‌కాయిస్ అల ఎత్తుతో పాటు వ్యవధి కూడా ఇస్తుంది, అంటే ఒక అలకూ మరో అలకూ మధ్య సెకన్లు. పేపర్లు దాన్ని పూర్తిగా వదిలేస్తున్నాయి. ఆరేడు సెకన్ల అల దగ్గరి గాలిది. పదిహేను సెకన్లు దాటిందంటే అది ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వచ్చిన ఉబ్బు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, నడి సముద్రంలో బోటుకు అది తెలియను కూడా తెలియదు. ఒడ్డుకు వచ్చి లోతు తగ్గేసరికి లేచి విరుగుతుంది. గోదావరి, కృష్ణా మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట మీద మరీ ప్రమాదం. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది నీరు బయటికి లాగుతుంటే, ఎదురొచ్చే అల నిటారుగా లేస్తుంది. మొగ దాటే బోటు పోటు వేళ కోసం ఆగడం మంచిది. పోటు పాటు వేళలు రోజూ పంచాంగం పక్కన వేయడానికి ఎంత చోటు కావాలి? తుపాను రోజుల్లో అవి మరీ అవసరం. ‘ఉప్పెన ఒక మీటరు’ అన్నది ఆ వేళకు పోటు పాటుల వల్ల ఉండే నీటి మట్టం మీద ఒక మీటరు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు తుపాను తోడైతే ఆ లెక్కే వేరు.

‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం కూడా ఆపాలి. అది ఒడ్డున ఉన్నవాళ్లకు. విశాఖ నుంచి వెళ్లే మరబోట్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి. 150 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న బోటు ఏడు నాట్ల వేగంతో, అంటే గంటకు ఏడు నాటికల్ మైళ్ల చొప్పున, తిరిగి రావాలంటే, ఎదురు గాలి లేకపోయినా 21 గంటలు పడుతుంది. తుపానూ దాదాపు ఆ వేగంతోనే నడుస్తుంది. తొందరపడి దాని ముందు నుంచి అడ్డంగా దూసుకొస్తే నడిమధ్య చిక్కుకుంటారు. బులెటిన్‌లో నైరుతి బంగాళాఖాతం ఏ తేదీ నుంచి, పశ్చిమ మధ్య బంగాళాఖాతం ఏ తేదీ నుంచి అని విడివిడిగా ఉంటుంది. దాన్ని అలాగే, తేదీలతో సహా వేయండి. ఒడ్డున ఉన్న ఇంటివాళ్లు, బోటు యజమానులు చదివి వీహెచ్‌ఎఫ్ రేడియోలో కబురు పెడతారు. కోస్టుగార్డు నంబరు 1554ను కూడా ఆ వార్త కిందే వేస్తే దాని కోసం వెతుక్కునే పని ఉండదు.

చివరిగా, సిగ్నల్ ఎగరేసిన వార్తకు మొదటి పేజీ దొరుకుతుంది, దించిన వార్త ఎక్కడా కనిపించదు. తుపాను తీరం దాటి నేల మీద నీరసించినా, సముద్రం ఒకటి రెండు రోజులు కుదురుకోదు. ఏ రేవులో ఏ సిగ్నల్ ఎన్ని గంటలకు దించారో, ఏ ప్రాంతంలో వేట నిషేధం ఏ తేదీ దాకా ఉందో మరుసటి రోజు పేపర్లో రెండు లైన్లు రావాలి. అవి లేకపోవడం వల్లే కొందరు ఆత్రంగా ముందే బయల్దేరుతున్నారు, ఇంకొందరు సముద్రం సర్దుకున్నాక కూడా వలలు ఒడ్డునే పెట్టుకుని ఇంకో నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంటున్నారు.

— మీ పాఠకుడు, కాకినాడ