మా ఎమ్మెల్యే గారికి, తండా నుంచి

అయ్యా, నమస్కారం.

మా తండాలో ఉన్నవి ముప్పై గడపలు. ఓట్లప్పుడు మూడుసార్లు వచ్చారు, గెలిచాక ఒక్కసారి కూడా రాలేదు. నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన నర్రా రాఘవరెడ్డి గారిని మా నల్లగొండ పెద్దమనుషులు ఇప్పటికీ తలుచుకుంటారు. మిమ్మల్ని కలవాలంటే ముందు మీ పీఏ ఫోన్ ఎత్తాలి. ఆయన ఎత్తడు.

1996 గుర్తుందా? ఫ్లోరైడ్ నీళ్లతో విసిగిపోయి జిల్లా జనం లోక్‌సభకు గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే జనరల్ అభ్యర్థుల డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచారు. మంచినీళ్ల కంటే ముందు అదే వచ్చింది లెండి.

మేం అడిగేది వాగు మీద కల్వర్టు. వానొస్తే పిల్లలు బడికి పోలేరు. సోమవారం పొద్దున వేపచెట్టు కింద ఉంటాం. పీఏని పంపకండి, మీరే రండి.