కర్నూలు మార్కెట్ యార్డు హమాలీల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులైన అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఈ ఏడాది కమిటీ ఎప్పుడు కూర్చున్నా మాట ఒకచోటికే వచ్చింది. ముఠాల్లో, అంటే కలిసి మూటలు మోసే జట్లలో, వయసు పైబడినవాళ్లు ఎక్కువయ్యారు, కొత్తగా చేరే కుర్రాళ్లు తగ్గారు. హైదరాబాదుకో బెంగళూరుకో పోయే పిల్లలను మేం తప్పుపట్టం.

సంఘం ఇన్నేళ్లూ మూట రేటు పెంచమనే కొట్లాడింది. అది కావాల్సిందే. కానీ మోకాళ్లు అరిగినవాడికి రేటు పెరిగినా చేతికొచ్చేది తగ్గుతోంది. ముఠాకు వచ్చిన కూలిలో అందరికీ సమాన భాగమంటే కుర్రాళ్లకు కోపం, మోసినవాడికి మోసినంతే అంటే పెద్దవాళ్లకు పస్తు. ఉల్లి సీజన్లో ఈ గొడవ బాగా ముదిరింది.

చివరికి కాటా పని, సంచులు కుట్టే పని ముందు పెద్దవాళ్లకే ఇచ్చి, భాగం మాత్రం సమానంగా ఉంచాలని కమిటీ నిర్ణయించింది. కొన్ని ముఠాలు ఇప్పటికే పాటిస్తున్నాయి. ఇది జాలితో ఇచ్చే పని కాదు. వాము గింజ సన్నం. సంచి మూతి మడిచి, దబ్బనంతో పురికొస బిగించి కుట్టకపోతే లారీ ఎక్కేలోపే రాలిపోతుంది. ఆ ఒడుపు పాత చేతులకే ఉంది.

బరువు సంగతి కూడా వ్యాపారులతో మాట్లాడాం. ఒక మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. వ్యాపారులు నోటిమాటగా సరే అన్నారు, కాగితం మీద ఇంకా రాలేదు. వదిలిపెట్టం.

పింఛను దగ్గర మనకు పెద్ద దెబ్బే తగిలింది. 60 దాటాక నెలకు రూ.3,000 ఇచ్చే శ్రమయోగి మాన్‌ధన్ పథకం 2019లో వచ్చింది, కానీ చేరాలంటే 40 లోపు ఉండాలి. అటల్ పెన్షన్‌లో చేరడానికీ అదే వయసు లెక్క. అవసరం ఎక్కువున్నవాళ్లకే తలుపు మూసినట్టయింది. తమ్ముళ్లు మాత్రం ఆలస్యం చేయొద్దు, వయసు పెరిగేకొద్దీ నెలనెలా కట్టేదీ పెరుగుతుంది.

రాష్ట్రంలో రూ.4,000 వృద్ధాప్య పింఛను 60 ఏళ్లకు వస్తుంది. చేనేత, కల్లుగీత కార్మికులకు 50కే ఇస్తున్నారు. అది న్యాయమే. నడుము వంగిపోయే మన పనికీ అదే వయసు పెట్టాలని వినతిపత్రం రాశాం. ఆధార్‌లో వయసు అంచనాగా వేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పింఛను వయసు దగ్గరపడ్డాక టెన్షన్ పడేకంటే, కార్డు తెచ్చి ఇప్పుడే ఆఫీసులో చూపించండి.

సమాన భాగం తీర్మానాన్ని సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. కుర్రాళ్లు తప్పకుండా రావాలి. అభ్యంతరం ఉంటే అందరి ముందూ చెప్పండి, విన్నాకే ఓటింగ్ పెడతాం.

ఇట్లు,
కార్యదర్శి