తెలుగు పరిశోధనను వెదికితే దొరికేలా చేయండి: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. తెలుగు సాహిత్యంలో పీజీ విద్యార్థులకు పాఠం చెప్పే, పరిశోధకులకు పర్యవేక్షకుడిగా ఉండే ఉపాధ్యాయుడిని. తెలుగులో సమర్పించే ప్రతి సిద్ధాంత గ్రంథమూ, ఏ కంప్యూటరైనా అక్షరాలను గుర్తించగలిగే అంతర్జాతీయ సంకేత విధానమైన యూనికోడ్‌లోనే ఉండాలని విశ్వవిద్యాలయాలను ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల తర్వాత పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధగంగ అనే జాతీయ ఆన్‌లైన్ భాండాగారంలో చేరుతున్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ దాన్ని నడుపుతోంది. మన తెలుగు శాఖల గ్రంథాలూ అందులో ఉన్నాయి. కానీ ఎన్నో గ్రంథాలు పాత డీటీపీ (కంప్యూటర్ అచ్చుకూర్పు) ఫాంట్లలో టైపు చేసినవి, లేదా అచ్చు ప్రతికి తీసిన స్కాన్లు. పాత ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే అయినా ఫైలులో ఉండేవి రోమన్ అక్షరాల సంకేతాలు. తలకట్టు ఒక సంకేతం, కొమ్ము మరొకటి, వత్తు ఇంకొకటి. ఒక పేరా కాపీ చేసి వేరే చోట పెడితే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. యక్షగానం మీదే రాసిన గ్రంథంలో ‘యక్షగానం’ అని వెదికితే ఒక్కచోటా దొరకదు. ఏళ్ల తరబడి తాళపత్రాలు చూసి, పల్లెలు తిరిగి రాసిన పరిశోధన తర్వాతి విద్యార్థి కంట పడక, అదే అంశం మళ్లీ మొదటికి వస్తోంది.

గ్రంథచౌర్యాన్ని అరికట్టేందుకు 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే చర్య ఉండాలి. పాత ఫాంట్లలోని అక్షరాన్నే గుర్తించలేని పోలిక సాఫ్ట్‌వేర్ ఇచ్చే నివేదికకు విలువేముంది? నిజాయతీగా రాసిన విద్యార్థికి ఇది అన్యాయం.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. గురజాడ, సురవరం, మండలి, రామరాజ వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. లోటు శిక్షణలోనే ఉంది. టైపు రాని విద్యార్థి చేతిరాత ప్రతిని డీటీపీ కేంద్రానికి ఇస్తాడు. అక్కడివారు తమకు అలవాటైన ఫాంటులోనే కొడతారు. అందుకే ఎం.ఏ. మొదటి సెమిస్టర్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) టైపింగ్, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్పిడి, పాత ముద్రణల ఓసీఆర్ (స్కాన్‌లోని అక్షరాలను యంత్రంతో పాఠంగా మార్చడం) నేర్పించాలి. పరీక్ష కంప్యూటర్ ముందే జరగాలి. మౌస్, మానిటర్ నిర్వచనాలు బట్టీ పట్టించే పేపరు వద్దు. అరసున్న, బండి ఱ, వలపలగిలక వంటి పాత లిపి గుర్తులు ఉన్న పుటలను యంత్రం తప్పుగా చదువుతుంది. ఆ తప్పు పట్టగలిగేది పాత సాహిత్యం చదివినవారే. పాత రాతల్లో పొల్లు నకారానికి వాడిన గుర్తయిన నకారపొల్లుకు యూనికోడ్‌లో 2021లో గాని ప్రత్యేక స్థానం రాలేదు. ఇలాంటివి గుర్తించి అడగగలిగేవారు మన తెలుగు శాఖల నుంచి రావాలి.

జానపద సాహిత్యానికి మరో నష్టం జరుగుతోంది. బుర్రకథ, జముకుల కథ, తోలుబొమ్మలాట మీద పనిచేసిన పరిశోధకులు కళాకారుల గొంతులను రికార్డు చేశారు. గ్రంథం అనుబంధంలో మాత్రం పాఠమే మిగిలింది. వరస, వంతల పలుకు, మద్దెల దెబ్బ ఎవరి ఇంట్లోనో క్యాసెట్లలో బూజు పడుతున్నాయి. కళాకారుల అనుమతితో, వారి పేర్లతో ఆ ధ్వనినీ దృశ్యాన్నీ గ్రంథంతో పాటు విశ్వవిద్యాలయ గ్రంథాలయం స్వీకరించాలి.

ఇప్పటికే సమర్పించిన గ్రంథాల మూల ఫైళ్లు కొందరు పరిశోధకుల దగ్గర ఇంకా ఉన్నాయి. ముందుగా వాటిని సేకరించి మార్పిడి చేయించండి. మార్చిన పాఠాన్ని సరిచూసే పనిని పీజీ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చి మార్కులు కేటాయించవచ్చు. కంప్యూటర్లు మారినప్పుడల్లా ఆ ఫైళ్లు పోతున్నాయి కాబట్టి సేకరణను ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు