2024–25 వార్షిక నివేదిక: పర్యావరణ నిబంధనలు, మన బాధ్యతలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడిచిన ఆర్థిక సంవత్సరంలో మన ఆటోనగర్ సంఘం కార్యవర్గానికి అన్నిటికంటే ఎక్కువ పని పెట్టింది పర్యావరణ నిబంధనల వ్యవహారమే కనుక ఈ నివేదిక చాలావరకు దాని గురించే ఉంటుంది. రోడ్ల మరమ్మతులు, వీధి దీపాల ఖర్చులు జతపరచిన జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి.

కార్యవర్గ సభ్యులు విడతలవారీగా షెడ్లన్నీ తిరిగి చూశారు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఓ (యూనిట్ నడుపుకునే అనుమతి) పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించినవారు చాలామందే కనిపించారు గాని, దాని వెనుక పేజీల్లోని షరతులు చదివినవారు అరుదు. 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద వచ్చే ఆ అనుమతికి షరతులు ఉంటాయి. వాటిలో ఏది తప్పినా పత్రం గోడ మీద ఉండి ప్రయోజనం లేదు.

ఒక షెడ్డు వెనుక మూతలేని డ్రమ్ములో వాననీరు చేరి, పైకి తేలిన పాత ఇంజన్ ఆయిల్ అంచు దాటి, రంపపు పొట్టు చల్లిన నేల మీదుగా మురుగు కాలువ దాకా నల్లటి చారగా సాగింది. యజమానిని అడిగితే, "నెలకోసారి ట్రాలీ అతను వచ్చి తీసుకుపోతాడండీ, డబ్బులు కూడా ఇస్తాడు" అన్నారు. ఆ మాటలో దాపరికమేమీ లేదు, కానీ ఉల్లంఘన సరిగ్గా అక్కడే ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల మొదటి షెడ్యూలులో వాడేసిన నూనె ఉంది కనుక, డ్రమ్ముకు ఫారం 8 లేబుల్ అంటించాలి, ఫారం 3 రిజిస్టరులో ఎంత చేరిందో ఎంత పోయిందో రాయాలి, సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు, అధీకృత రీసైక్లరుకు మాత్రమే అప్పగించాలి. అప్పగించేటప్పుడు ఫారం 10 మానిఫెస్టు, అంటే సరుకుతో పాటు వెళ్లే రవాణా పత్రం, ఏడు ప్రతుల్లో రాయాలి. అందులో పసుపు ప్రతి మన దగ్గర ఉంటుంది. సరుకు చేరాక నీలం ప్రతి తిరిగి మనకు రావాలి. అది రాలేదంటే వెంటనే ఆరా తీయండి.

అందరి నూనె ఒకచోట చేర్చడానికి ఉమ్మడి షెడ్డు కట్టాలన్న ప్రతిపాదనను విరమించుకున్నాం. ఇతరుల ప్రమాదకర వ్యర్థాన్ని నిల్వ చేయాలంటే సంఘమే విడిగా అధికారపత్రం పొందాలి. దానికి బదులు అధీకృత రీసైక్లరు వాహనమే షెడ్డు షెడ్డుకూ వచ్చి, ఎవరి మానిఫెస్టు వారి పేరునే రాసే ఏర్పాటు చేశాం. ట్రాలీ అతను ఇచ్చే ధర రాదన్న అసంతృప్తి కొందరిలో ఉంది, అది నిజమే.

పాత బ్యాటరీలకు 2022 నాటి నియమాలు వర్తిస్తాయి కనుక, ఆసిడ్ కాలువలో పారబోసి సీసం అమ్ముకునే పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. ఇక 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన, వాడిన నూనెను రీసైకిల్ చేయించే బాధ్యతల పేరుతో కొందరు మధ్యవర్తులు సభ్యులను భయపెట్టి రుసుములు అడిగారు. ఆ రీసైక్లింగ్ లక్ష్యాలు నెరవేర్చాల్సింది ప్రధానంగా లూబ్రికెంట్ తయారీదారులు, దిగుమతిదారులే గాని మెకానిక్కులు కాదు.

"జైలు శిక్ష తీసేశారట కదా" అన్న ప్రశ్న రెండు సమావేశాల్లోనూ వచ్చింది. జన విశ్వాస్ చట్టం మార్పులు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద అనేక ఉల్లంఘనలకు జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం న్యాయనిర్ణయ అధికారికి దక్కింది. ఇది కాక పర్యావరణ నష్టపరిహారం వేరే ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం అది యూనిట్ కాలుష్య వర్గం, పరిమాణం, ఉన్న చోటు, ఉల్లంఘన సాగిన రోజులను బట్టి లెక్కకు వస్తుంది, రోజుకు 5 వేలకు తగ్గదు. అంటే నెల రోజుల అశ్రద్ధకు కనీసం లక్షన్నర.

ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కలతో ఫారం 4 వార్షిక రిటర్ను జూన్ 30లోగా మండలికి చేరాలి. ఫారం 3 నమూనా పుస్తకాలు సంఘం కార్యాలయంలో ఉన్నాయి. రిటర్ను నింపడంలో సాయం కావలసిన సభ్యులు తమ రిజిస్టరు, పసుపు, నీలం ప్రతులతో జూన్ రెండో వారంలోగా కార్యాలయానికి రావలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి