జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి ఒక ఆశా కార్యకర్త బహిరంగ లేఖ

అయ్యా,

కొన్ని నెలల కిందట ఒక అక్క వంటింటి తలుపు దగ్గరికి వేసి, "తెల్లబట్ట అవుతోందమ్మా, వాసన కూడా. ఆయనకి చెప్పకు" అంది. ఆసుపత్రిలో సుఖవ్యాధి అని మాత్రలిచ్చారు. తగ్గింది. రెండు నెలలకి మళ్లీ మొదలైంది. భర్తకి మందులివ్వకపోతే తగ్గినా మళ్లీ అంటుకుంటుంది కదా సార్!

పెళ్లయి భర్తతోనే ఉండే ఆడవాళ్లకి ఇవి రావనుకుంటారు. క్లమీడియా, గనేరియా అనే సుఖవ్యాధులు చాలామంది ఆడవాళ్లలో పైకి కనబడవు. లోపల గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోతే, గొడ్రాలన్న మాట పడేది ఆమే.

గర్భిణులకి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తున్నాం, మంచిదే. మిగతావాళ్లకి? సుఖవ్యాధులకి చూసే సర్కారు సురక్ష క్లినిక్‌లో మందులు ఉచితమని మా ఊళ్లో చాలామందికి తెలీదు.

పీహెచ్‌సీలో వారానికొక రోజు లేడీ డాక్టరు, తలుపేసుకునే గది, భర్తకీ గుట్టుగా వైద్యం ఇప్పించండి. ఎప్పుడు రమ్మంటావని ఆ అక్క నిన్న మళ్లీ అడిగింది.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త