గేటు మీద ఒక పేరు, పేస్లిప్ మీద ఇంకో పేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరులో పన్నెండేళ్ళుగా, కంపెనీలకి మనుషుల్ని సరఫరా చేసే మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్ల దగ్గర జీతాల లెక్కలు, పీఎఫ్ చలాన్లు చూసుకునే గుమస్తాని. పాత కార్మిక చట్టాల్ని కలిపి కేంద్రం తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల గురించి పేపర్లలో చాలా చదివాను గానీ నా టేబుల్ దగ్గర రోజూ కనిపించే సంగతి ఎక్కడా కనపడలేదు, అందుకే రాస్తున్నా.

మొన్న ఓ కుర్రాడు ఆఫీసుకొచ్చాడు. మంగళగిరి దాటాక హైవే పక్కనున్న ఓ గోడౌన్‌లో రెండేళ్ళు చేసి మానేశాడు, యాభై రోజులైనా ఆఖరి నెల జీతం రాలేదు. ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. మెడలో వేసుకున్న కార్డు మీద గోడౌన్ కంపెనీ పేరు, పేస్లిప్ మీద హైదరాబాద్ అడ్రసున్న పేరోల్ కంపెనీ (మనుషుల్ని తన లెక్కలో పెట్టుకుని జీతాలిచ్చే పెద్ద కాంట్రాక్టర్) పేరు, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఈ రెండూ కాని మూడో పేరు. "సార్, ఇంతకీ నేను ఎవరి దగ్గర పనిచేసినట్టండీ?" అని అడిగాడు. గోడౌన్‌లో అడిగితే కాంట్రాక్టర్‌ని అడగమన్నారట, కాంట్రాక్టర్‌ని అడిగితే కంపెనీ నుంచి బిల్లు పాసవలేదన్నాడట.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి కదా, వేతనాల కోడ్ ప్రకారం మనిషి మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. నెల జీతమైతే మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు కంపెనీయే ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. ఈ ఆఖరి ముక్క కొత్తదేమీ కాదు, 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనూ ఉండేది, అయినా ఏ కంపెనీ అయినా తనంతట తాను ఇచ్చిందా అంటే నేనైతే చూడలేదు. ఎందుకంటే ఫలానా గేటు లోపల పనిచేశానని చూపించడానికి కుర్రాడి దగ్గర కాగితం ఉండదు. మెడలో కార్డు మానేసిన రోజే లాక్కుంటారు, వీడు ముందే ఫొటో తీసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

కాంట్రాక్టర్ల తప్పు లేదని అనను. అయితే వాళ్ళ లెక్క కూడా ఒకసారి చూడండి. మనిషికి జీతం, యజమానిగా మా వంతు పీఎఫ్, ఈఎస్ఐ, దాని మీద కమీషన్, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ వేసి బిల్లు పంపుతాం. కంపెనీ డబ్బులు వేసేసరికి నలభై అయిదు రోజులు, ఒక్కోసారి రెండు నెలలు. ఈలోపు జీతాలు 7లోపు, పీఎఫ్ 15లోపు వేయాలి. పెద్ద పేరోల్ కంపెనీలకి బ్యాంకు ఓడీ (ఖాతాలో లేకపోయినా వాడుకునే అప్పు) ఉంటుంది, మా ఓనరు లాంటి వాళ్ళు ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి జీతాలిచ్చిన నెలలు నాకు తెలుసు. రెండు రోజుల రూల్ మంచిదే, కాకపోతే ఆ టెన్షన్ అంతా చివర ఉన్నవాడి నెత్తిన పడుతోంది, బిల్లు ఆపిన కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఇక వేతనాల కోడ్‌లోని 50 శాతం రూల్. ఇంటద్దె, ప్రయాణం లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనం కిందే లెక్క. ఉదాహరణకి 26,000 జీతంలో బేసిక్ 9,000, మిగతా 17,000 అలవెన్సులు అనుకోండి. ఇన్నాళ్ళూ 9,000 మీద 12 శాతం, అంటే 1,080 పీఎఫ్ కోసేవాళ్ళం. ఇప్పుడు 13,000 మీద 1,560. తేడా 480, దాచుకునే డబ్బే కాబట్టి పర్లేదు. కానీ యజమాని వంతు కూడా అంతే పెరుగుతుంది, కంపెనీలేమో "మీ రేటు మారదు, ఎలాగో సర్దుకోండి" అని మెయిల్ పెడుతున్నాయి. ఎలా సర్దుతారు? ఆ 480 కూడా మనిషి జీతంలోంచే పోతుంది, నెలకి 960 తగ్గితే ఇంట్లో ఏం చెప్పుకుంటాడు?

లొసుగులు కూడా తక్కువేమీ లేవు. ఆ 1970 నాటి కేంద్ర చట్టం 20 మంది కాంట్రాక్ట్ కార్మికులుంటే వర్తించేది, కొత్త కోడ్‌లో అది 50 అయింది. ఇంకేం, తన పేరున ఒక సంస్థ, భార్య పేరున ఒకటి, బావమరిది పేరున ఒకటి, తలా నలభై తొమ్మిది మంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ప్రధానమైన పనుల్లో కాంట్రాక్ట్ లేబర్‌ని పెట్టకూడదని, కొన్ని మినహాయింపులతో, కోడ్ చెబుతోంది. అయితే కాంట్రాక్టర్ దగ్గరే రెగ్యులర్‌గా ఉంటూ ఇంక్రిమెంట్లు, పీఎఫ్ లాంటివి ఉన్నవాళ్ళు అసలు కాంట్రాక్ట్ లేబర్ కిందకే రారు. పెద్ద పేరోల్ కంపెనీలు ఏడాదికి రెండొందలు పెంచి "వీళ్ళు మా రెగ్యులర్ స్టాఫ్" అంటే అడిగేవాడెవడు?

మా అక్క కొడుకు లండన్‌లో ఐటీ కాంట్రాక్టర్. అక్కడ ఇలాంటి వాటిని అంబ్రెల్లా కంపెనీలంటారట, ఎండావానా తగలకుండా కాస్తుందనుకుంటే ఆ గొడుక్కీ చిల్లులే. కొన్ని కంపెనీలు జీతంలో పట్టుకున్న పన్ను ప్రభుత్వానికి కట్టకుండా ఎగ్గొట్టడంతో, 2026 ఏప్రిల్ నుంచి ఆ బాకీకి మనుషుల్ని సరఫరా చేసిన ఏజెన్సీని, ఏజెన్సీ లేకపోతే పని చేయించుకున్న కంపెనీని కూడా బాధ్యుల్ని చేశారు. ఎగ్గొడితే పైవాడి జేబుకీ చిల్లు పడుతుందన్నమాట, అప్పుడు వాడే ముందు జాగ్రత్త పడతాడు. మన దగ్గర 2020లో ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టినప్పుడు దళారులు లేకుండా జీతం నేరుగా ఖాతాలో పడుతుందన్నారు. ప్రైవేటులో ఆ మాట కూడా చెప్పేవాళ్ళు లేరు.

రాష్ట్ర కార్మిక శాఖని నేను అడిగేది పెద్దదేం కాదు. కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి కదా, అందులోనూ నెలనెలా పేస్లిప్‌లోనూ పని చేయించుకునే కంపెనీ పేరు, అడ్రసు తప్పనిసరిగా వేయించండి. కాంట్రాక్టర్ బిల్లుకి కంపెనీ ఎన్ని రోజుల్లో డబ్బు వేయాలో కూడా రాయించండి. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి పెంచితే చాలు, పావుగంట పని.

ఆ కుర్రాడికి ఫొటోలన్నీ ప్రింట్ తీసిచ్చి, లేబర్ ఆఫీసులో ఇవ్వాల్సిన అర్జీ నేనే రాసిపెట్టాను. యజమాని పేరు అనే చోట మూడు పేర్లూ రాశాం.

- ఒక పేరోల్ గుమస్తా, బ్రాడీపేట, గుంటూరు